పేరాలకు చుట్టరికం కలిపిన సాయిబు

ఉద్యోగం దిగిపోవడానికి ఇంకా ఆరు నెలలుందనగా నన్ను కంప్యూటరు నేర్చుకోమని కర్నూలు పంపించారు. ఆరు నెలల్లో ఇంటికి పోయేవాడికి నేర్పించి ఏం చేసుకుంటారో నాకు అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేదు. ఒక్కో కార్యాలయం నుంచి ఒకరిని పంపమని పైనుంచి కాగితం వచ్చిందట. మిగతావాళ్ళంతా ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. సాకు చెప్పడం చేతకాని నేను బస్సెక్కాను.

మే నెల. ఊరంతా పెనం మీద పెట్టినట్టుంటే ఆ ఒక్క గదిలో మాత్రం చల్లగాలి వదిలారు, అదీ మా కోసం కాదు, యంత్రాల కోసం. నేర్పే అమ్మాయికి మా చిన్నమ్మాయి వయసుంటుంది. నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. బొమ్మలూ లేవు, రంగులూ లేవు. ఏదైనా తెలియకపోతే ఆ యంత్రాన్నే అడగాలట. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం దాని కడుపులోనే ఉందట.

ఆ పుస్తకం పేజీలు తిప్పే పుస్తకం కాదు. అంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్క నెత్తిన ఒక వరుస రాసి ఉంటుంది, దీని తర్వాతది ఫలానా, ముందటిది ఫలానా, పైది ఫలానా అని. ఒక మీట నొక్కితే తర్వాతదానికి పోతాం, ఇంకొకటి నొక్కితే ముందటిదానికి, మరొకటి నొక్కితే పైదానికి. మధ్యలో చుక్క పెట్టిన పేర్లు కొన్ని ఉంటాయి. ఏ పేరు మీద నిలబడి నొక్కితే ఆ పేరు గలదాని దగ్గర తేలతాం.

రెండు రోజులు నేను అందులో తప్పిపోయాను. కాగితం అచ్చు తీయడం గురించి చూద్దామని బయల్దేరి ఎక్కడెక్కడో తేలేవాడిని. ఎలా వచ్చానో తెలిసేది కాదు, ఎలా బయటపడాలో అంతకన్నా తెలిసేది కాదు. కళ్ళు మండేవి, నడుము లాగేది. మూడో రోజు ఆ అమ్మాయి నా వెనక నిలబడి, "సార్, దారి తప్పితే ముందుకు పోవద్దు. యు నొక్కండి, పైకి పోతారు. అక్కణ్ణుంచి మళ్ళీ దిగొచ్చు. అదీ కుదరకపోతే ఎల్ నొక్కండి, వచ్చిన దారినే వెనక్కి వస్తారు" అంది.

నా చేయి మీటల మీద అలాగే ఉండిపోయింది. సరిగ్గా ఈ మాటలే దాదాపు నలభై ఏళ్ళ కిందట, కడప జిల్లాలో ఒక తాలూకా కచేరీలో, రికార్డు గదిలో కూర్చుని ఒక ముసలి సాయిబు నాకు చెప్పాడు. ఆయన యు అనలేదు. "అమ్మ దగ్గరికి పో అప్పా" అన్నాడు.

ఆయన పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. కచేరీలో అందరూ రికార్డు సాయిబు అనేవారు. కచేరీలోని పుస్తకాలన్నీ ఆయన చేతిలో ఉండేవి. భూమి గురించిన నిబంధనలు, ఖజానా నిబంధనలు, కరువు వస్తే ఏం చేయాలో చెప్పే కరువు కోడు, ఇలా రెండు బీరువాల నిండా లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. ఆయన చదివింది మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. చదివినదాంట్లో సగం అర్థమయ్యేది కాదని ఆయనే చెప్పేవాడు. కానీ ఏది ఎక్కడుందో ఆయనకు తెలిసినట్టు ఆ కచేరీలో మరెవరికీ తెలియదు.

బక్కపలచటి మనిషి. గది ద్వారం పొట్టిది కావడంతో ఇరవై ఏళ్ళు వంగి వంగి నడిచి, బయట ఆకాశం కింద కూడా వంగే నడిచేవాడు. కళ్ళజోడుకు ఒకవైపు కమ్మీ విరిగిపోయింది. దాని బదులు దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు. మాట్లాడే ముందు ఆ దారాన్ని ఒకసారి సర్దుకోవడం అలవాటు. దాన్ని బట్టి ఆయన నోరు విప్పబోతున్నాడని మాకు తెలిసేది.

నేను మొదటిసారి ఆ గదిలోకి పోయినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఇంటరు ప్యాసయ్యాను, ఇంగ్లీషు వచ్చు, ఆ సంగతి నా నడకలోనే తెలిసేది. బల్ల మీద ఉన్న పుస్తకం తీసి, వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పబోయాను. ఆయన చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.

"నాలుక పెట్టద్దప్పా. జిగురులో మైలుతుత్తం ఉండాది. పురుగులు చచ్చేదానికి ఏసినాం, గుమాస్తాలు చచ్చేదానికి కాదు."

అంటూ నా ముందుకు ఒక కొబ్బరి చిప్ప జరిపాడు. అందులో తడిగుడ్డ ఉంది. వేలు దానికద్దుకుని పేజీ తిప్పాలి. అదే ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.

ఆ జిగురు కథ కూడా చెప్పాలి. నిబంధనలు మారినప్పుడల్లా మద్రాసు నుంచి సవరణ చీటీలు వచ్చేవి. వాటిని కత్తిరించి, పాత పేరా మీద అతికించడం ఆయన పని. మామూలు రోజుల్లో పిండి ఉడికించి జిగురు చేసేవాడు. కరువు ముదిరాక, "తినే పిండి కాగితానికి పూసే దినాలు గావు" అని చింతగింజల పొడి ఉడికించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు జనం చింతగింజలు కూడా తింటున్నారని విని, అదీ మానేసి, ఎండలో తిరిగి తుమ్మ బంక గీరుకొచ్చేవాడు. ఎవరూ ఆయన్ని అలా చేయమనలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

ఇంతకీ ఆయన పుస్తకాలు వెతికే పద్ధతి. మేమందరం నిబంధనలు నెంబర్లుగా చూసేవాళ్ళం. ఆయన చుట్టరికాలుగా చూసేవాడు. అధ్యాయం అమ్మ. అందులోని పేరాలు అక్కచెల్లెళ్ళు. ఒక పేరాకు పైనున్నది అక్క, కిందున్నది చెల్లెలు. పేరా చివర 'ఫలానా అనుబంధం చూడుడు' అని ఉంటే ఆ బిడ్డ అత్తింటికి పోయిందని అర్థం. కొట్టేసిన పేరా కాలం చేసినట్టు. ఒకదాని మీద ఒకటి రెండు మూడు సవరణ చీటీలు పడ్డదాన్ని చూస్తే మాత్రం ఆయనకు నవ్వొచ్చేది. "ఈమెకు ఇది మూడో మనువు. ఇప్పుడు యాడ కాపురం చేస్తాందో ఆమెకే తెలీదు" అనేవాడు.

ఏ పేరా చేతికొచ్చినా ముందు "దీనమ్మ ఎవురు?" అని గట్టిగా అడిగేవాడు. వరండాలో కాచుకున్న రైతులు, లోపల ముసలాయన ఎవరినో బూతులు తిడుతున్నాడనుకుని అరుగు దిగి దూరంగా నిలబడేవాళ్ళు.

కాస్త తీరిక దొరికితే నన్ను పిలిచి పరీక్ష పెట్టేవాడు. కళ్ళు మూసుకుని పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి నా ముందు పెట్టేవాడు.

"యాడుండావు?"

"ఎనభై రెండో పేరాలో."

"అది ఇంటి నెంబరు. ఎవురింట్లో ఉండావు?"

నాకు తెలిసేది కాదు. ఒకసారి అలాగే, మనిషికి రోజుకు ఇన్ని నీళ్ళు ఇవ్వాలని ఉందనుకుని ఒక పేరా చూపించి గొప్పగా చదివాను. ఆయన పేజీలు వెనక్కి తిప్పి అధ్యాయం పేరు చూపించాడు. అది పశువుల శిబిరాల అధ్యాయం. "అమ్మెవురో చూడకుండా బిడ్డ మాట నమ్మినావు. మనుషులకు గొడ్ల నీళ్ళు పోస్తాండావు" అన్నాడు. ఎగతాళిగా కాదు, అలసటగా అన్నాడు. ఆయన ఏ మాటైనా అలాగే అనేవాడు.

ఆ రోజే నాకు దారి చెప్పాడు. కళ్ళజోడు దారం సర్దుకుని, వేళ్ళు మడుస్తూ చెప్పాడు.

"దోవ తప్పితే ముందుకు పోవద్దు. అక్కనడుగు, చెల్లెలినడుగు. వాళ్ళకు తెలీకుంటే అమ్మ దగ్గరికి పో అప్పా. బిడ్డలు యాడుండారో అమ్మకు తెలుస్తాది. ఆమె కూడా చెప్పకుంటే ఆమెకూ ఒక అమ్మ ఉంటాది. ఏదీ కాకుంటే వచ్చిన దోవనే ఎనక్కి రా. దాంట్లో సిగ్గేముండాది?"

నేను తల ఊపాను. నాలుగు నెలలకే నాకు అంతా వచ్చేసిందనుకున్నాను. ఆ వయసులో అలా అనుకోవడం పెద్ద కష్టం కాదు.

అప్పటికి వరసగా మూడేళ్ళు వానల్లేవు. బావులు అడుగంటాయి, చెరువులు బీటలు తీశాయి. ఊళ్ళ పక్కన గంజి కేంద్రాలు పెట్టారు. ఒళ్ళు వంచి పని చేయగలిగినవాళ్ళకు కరువు పని. కరువు పనంటే ముఖ్యంగా రాళ్ళు కొట్టడమే. రోడ్ల పక్కన ఎక్కడ చూసినా కంకర కుప్పలు, వాటి పక్కన కాస్త గుడ్డ నీడ చేసుకుని కూర్చున్న ఆడా మగా. సుత్తి చప్పుడు కచేరీ దాకా వినిపించేది. కచేరీలో మాకూ విశ్రాంతి లేదు. అర్జీలు, జాబితాలు, తిరుగు అర్జీలు. తాసిల్దారు రోజూ పొద్దున్నే జీపులో కరువు ఊళ్ళకు బయల్దేరేవాడు, తిరిగొచ్చేసరికి దుమ్ముకొట్టుకుపోయి ముఖం గుర్తుపట్టలేకుండా ఉండేవాడు. అందరం అలిసిపోయే ఉన్నాం. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. ఎలా ఉండేదో చెబుతున్నాను, అంతే.

ఒక శుక్రవారం పెన్న అవతలి నేత ఊరి నుంచి అర్జీ వచ్చింది. నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. ఊరందరినీ కంకర పనికి పొమ్మన్నారు. పని చేయబోమని మేము అనడం లేదు, కానీ రాళ్ళు కొడితే మా చేతులు మళ్ళీ మగ్గానికి పనికిరావు, దయచేసి మగ్గం మీదే ఏదైనా పని ఇప్పించండి అని రాసుకున్నారు. ఆ రోజు ఇంకా ఊళ్ళకు బయల్దేరని తాసిల్దారు దాన్ని చదివి నాకిచ్చి, "కరువు కోడులో వీళ్ళ గురించి ఏమన్నా ఉందేమో చూడు. మూడింటికి నేను పోవాలి. ఆలోగా నోటు పెట్టు" అన్నాడు.

రికార్డు గదికి పోతే సాయిబు లేడు. శుక్రవారం కదా, నమాజుకు పోయాడు. అరగంటలో వస్తాడని నాకు తెలుసు. కానీ ఆగాలనిపించలేదు. ఇంగ్లీషు వచ్చినవాడిని, మూడో ఫారం మనిషి కోసం ఎందుకు కాచుకోవాలని లోపల ఒక పొగరు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

కోడు తీశాను. వెనక అకారాది పట్టిక ఉంటుంది. నేతగాళ్ళంటే వీవర్స్. డబ్ల్యూ తీశాను. వాటర్ ఉంది, వెల్స్ ఉంది, విమెన్ ఉంది. వీవర్స్ లేదు. కంకర పని అధ్యాయం తీసి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. అందులోనూ లేదు. పది నిమిషాల్లో నోటు రాసేశాను, 'నేతగాళ్ళ విషయంలో కోడులో ప్రత్యేకంగా ఏమీ లేదు' అని. తాసిల్దారు నిలబడే చదివి సంతకం పెట్టి, జీపెక్కాడు. సాయిబు తిరిగొచ్చేసరికి కాగితం బయటికి పోయింది. ఆయనతో ఆ సంగతి చెప్పను కూడా చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతిగా నాకు తోచలేదు.

మూడు వారాల తర్వాత ఆ ఊరి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. యాభై దాటిన మనిషి. రెండు చేతులకూ గుడ్డ పేలికలు చుట్టుకున్నాడు. వరండాలో గోడకానుకుని కూర్చుంటే, జిగురు చిప్పతో అటు పోతున్న సాయిబు ఆగాడు.

"చేతులకు ఏమైనాది?"

"కంకర సాయిబన్నా. కొట్టేది చేతకాక వేళ్ళ మీదే కొట్టుకుంటాండాం."

"నేసేవాళ్ళు మీరు. మిమ్మల్ని రాళ్ళకు ఎవురు పొమ్మన్నారు?"

"పుస్తకంలో మా మాట ల్యాదంట. కచేరీ నుంచే కాగితం వచ్చినాది. పుస్తకంలోనే లేకుంటే ఎవురేం చేస్తారు? ఇంకోసారి అడిగిపోదామని వచ్చినా."

సాయిబు లోపలికి చూశాడు. నా బల్ల గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. నేను తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించాను. ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు దారం సర్దుకున్నాడు.

"అమ్మనడిగినావా?"

నేను లేచి నిలబడ్డాను. "డబ్ల్యూలో లేదు సాయిబుగారూ. మొత్తం చూసినాను."

"బిడ్డ పేరు కాదు నేనడిగేది. నేసేవాళ్ళు ఎవురి బిడ్డలు?"

 ఆయనే చెప్పాడు. "నేత, వడ్రంగం, కుమ్మరం, అన్నీ చేతిపనులే గదా. చేతిపని చేసేవాళ్ళను ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఆర్టిజన్స్."

"పో. ఆడికి పో."

ఇద్దరం రికార్డు గదిలోకి పోయాం. పట్టికలో ఇంగ్లీషు 'ఏ' కింద ఆర్టిజన్స్ ఉంది. దాని ఎదురుగా, ప్రత్యేక తరగతుల అధ్యాయం చూడమని ఉంది. ఆ అధ్యాయంలో నాలుగో పేరా. చేతి నైపుణ్యం మీద బతికే నేతగాళ్ళు మొదలైనవారిని రాళ్ళు కొట్టే పనికి పెట్టరాదు, వారి వారి పనిలోనే వారికి సాయం అందించాలి. రెండే వరుసలు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

 బయట వరండాలో ఆ పెద్దాయన దగ్గుతున్నాడు.

"ఆ దినం మీరు లేరు. తాసిల్దారు గారు తొందర పెట్టినారు" అన్నాను.

"అరగంటలో వచ్చింటి గదప్పా" అన్నాడు ఆయన.  కోప్పడితే ఏదో ఒకటి ఎదురు చెప్పేవాడిని. ఆయన ముఖంలో కోపం లేదు. ఇరవై ఏళ్ళుగా అతికిస్తున్న చీటీలన్నీ ఒక్కసారి ఊడిపోయినట్టు, చాలా అలిసిపోయి కనిపించాడు.

ఇంకో నోటు రాయాలి. పాత నోటు తప్పని రాయాలి. నాది తాత్కాలిక ఉద్యోగం, మూడు నెలలకోసారి పొడిగిస్తే ఉన్నట్టు. సవరణ చీటీ అతికించడం ఆలస్యమైందని రాస్తే బాగుంటుందేమో అని ఒక్క క్షణం ఆలోచన వచ్చింది. నేను దాన్ని పైకి కూడా అన్నాను. ఆ పేరా మీద చీటీయే లేదు. పుస్తకం అచ్చు వేసిన రోజు నుంచీ అది అలాగే ఉంది. సాయిబు నా వైపు చూశాడు.

"నా నెత్తిన ఏసుకునేదానికి నాకేం బాధ లేదు. ముసలోణ్ణి, ఇంకో ఏడాదిలో పోయేవాణ్ణి. కానీ అట్ల రాస్తే నువ్వు ఇంక జన్మలో అమ్మనడగవు. నువ్వే రాయల్ల."

రాశాను. తాసిల్దారు చదివి, "మూడు వారాలు" అని మాత్రం అన్నాడు. ఉత్తర్వు మీద సంతకం పెట్టి, "తపాలాలో పోతే ఇంకో వారం. నువ్వే తీసుకుపో" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నా ముఖం చూసి మాట్లాడలేదు. ఉద్యోగం పోలేదు. పోతుందని భయపడినంతగా ఏమీ జరగలేదు. ఆ భయంతోనే ఒక ముసలివాడి మీద అబద్ధం రాయబోయాను కదా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయిబు మరుసటి ఏడాది రిటైరయ్యాడు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి రాజధాని కర్నూలుకు వచ్చాక సవరణ చీటీలు మద్రాసు నుంచి కాక, కర్నూలులో గుడారాల్లో నడిచే కార్యాలయాల నుంచి రావడం మొదలైంది. వాటిని అతికించేవాళ్ళు వేరే వచ్చారు, బజారులో కొన్న జిగురుతో. ఆయన పోయిన సంగతి నాకు రెండేళ్ళ తర్వాత ఎవరో మాటల మధ్యలో చెప్పారు. నేను వేరే తాలూకాలో ఉన్నాను అప్పటికి. ఎలా పోయాడని కూడా అడగలేదు. అడగనందుకు ఇప్పుడు బాధగా ఉంది.

కానీ ఆయన అనగానే నాకు గుర్తొచ్చేది ఆ గది కాదు. ఆ ఉత్తర్వు తీసుకుని పోయిన రోజు.

పొద్దున్నే బయల్దేరాను. కచేరీ గేటు దాటుతుంటే వెనక నుంచి పిలుపు. సాయిబు గొడుగు వేసుకుని, చంకలో గుడ్డ చుట్టిన మూటతో వస్తున్నాడు. అది కరువు కోడు. కచేరీ పుస్తకాన్ని ఆవరణ దాటించకూడదని నిబంధన. ఆ నిబంధన ఏ పేరాలో ఉందో కూడా ఆయనకు తెలుసు.

"ఎందుకు సాయిబుగారూ?" అన్నాను.

"వాళ్ళకు ల్యాదని చెప్పినాం. ఉండాదని ఊరికే నోటితో చెప్తే ఎట్ల?"

తొమ్మిది మైళ్ళు. పెన్నలో చుక్క నీళ్ళు లేవు, ఇసుకలో పాదాలు కాలుతుంటే అడ్డంగా నడిచి దాటాం.  దారిలో ఆయన రెండుసార్లు కూర్చున్నాడు. మూట మాత్రం నా చేతికి ఇవ్వలేదు.

పెద్దాయన ఇంటి ముందు ఊళ్ళోవాళ్ళు కొంతమంది చేరారు. నేను ఉత్తర్వు చదివి తెలుగులో చెప్పాను. రాళ్ళకు పోనక్కర్లేదు, వారంలో నూలు వస్తుంది, మగ్గం మీదే పని. ఎవరూ కేకలు వేయలేదు. ఎవరో ఒక ఆడమనిషి కొంగుతో ముఖం తుడుచుకుంది. పెద్దాయన లోపలికి పోయాడు. మేమూ వెనకే పోయాం.

మగ్గం మీద పాత పడుగు ఇంకా మూరెడు మిగిలి ఉంది. ఆయన పైనున్న దుమ్ము ఊది, చేతులకున్న పేలికలు విప్పి, మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోకి దిగి కూర్చున్నాడు. అడ్డపోగును దాటించే నాడె విసిరాడు. రెండోసారికే ఒక పోగు తెగింది. తెగిన కొసలు రెండూ పట్టుకుని అతకబోయాడు. వేళ్ళంతా పగుళ్ళు. పగులులో పోగు చిక్కుకుంది. విడిపించుకోబోతే పక్కన ఇంకో రెండు పోగులు తెగాయి. ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుని తను అతకబోయింది. ఆమె చేతులూ అంతే. ఇద్దరూ అలా మూడుసార్లు చేసి చూశారు. తర్వాత ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మెత్తబడతాయిలే. ఆముదం పూసుకుంటే మెత్తబడతాయి" అందామె. ఆయన తల ఊపాడు.

అప్పుడు చెప్పేశాను. ఎవరూ అడగలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ చేతులు చూస్తూ ఊరుకోలేకపోయాను. "తప్పు నాది పెద్దాయనా. మీ మాట పుస్తకంలో ముందునుంచీ ఉండాది. నేనే సరిగా వెతకలేదు. లేదని రాసింది నేను."

ఆయన నన్ను తలెత్తి చూశాడు. తిడతాడనుకున్నాను.  ఆయన సాయిబు వైపు తిరిగాడు.

"అది యాడుండాదో నాకు సూపిస్తావా సాయిబన్నా?"

సాయిబు మూట విప్పాడు. మగ్గం గుంట అంచున నేల మీద కూర్చుని, పుస్తకం అక్కడే పెట్టాడు. అధ్యాయం తీశాడు. ఒక్కో పేరా మీద వేలు పెట్టి, అక్కచెల్లెళ్ళను దాటుకుంటూ నాలుగోదాని దగ్గర ఆగాడు. పెద్దాయన చేయి తీసుకుని, ఆయన చూపుడువేలు ఆ రెండు వరుసల మీద ఆనించాడు.

"ఇదేనా?" అన్నాడు పెద్దాయన.

"ఇదే."

పెద్దాయనకు చదవడం రాదు. అయినా వేలు తీయలేదు. వాచిన ఆ వేలి కింద రెండు వరుసలూ పూర్తిగా కనిపించకుండా పోయాయి. ఆయన కాసేపు పుస్తకం లావు చూశాడు. తర్వాత వేలు కొంచెం పక్కకు జరిపి, ఆ అక్షరాలకేసి చూశాడు.

"శానా చిన్నగుండాది సామీ" అన్నాడు నాతో.